బీపీ మాత్రలు మోతాదు మించినప్పుడు: షాక్ చికిత్సలో కాలం విలువ

అధిక రక్తపోటుకు మాత్రలు వాడేవారు లేని తెలుగు ఇల్లు నేడు అరుదైపోతోంది. పెద్దల దిండు పక్కన, టీవీ బల్ల మీద, వంటింటి అలమరలో నెలకు సరిపడా ఉంచుకునే ఈ మాత్రలు, సరైన మోతాదులో వాడినంతకాలం, పక్షవాతాన్ని, గుండెపోటును, మూత్రపిండాల వైఫల్యాన్ని అడ్డుకుంటాయి. అవే మాత్రలు పొరపాటువల్లనో, పసిపిల్లల చేతికి చిక్కడంవల్లనో, భరించలేని మనోవేదనలో తీసుకున్న నిర్ణయంవల్లనో మోతాదు మించి ఒంట్లోకి చేరినప్పుడు రక్తపోటును ప్రమాదకరమైన స్థాయికి దించి, షాక్ అనే స్థితిని తెచ్చిపెడతాయి. మెదడు, గుండె, మూత్రపిండాలు మొదలైన అవయవాలకు అవసరమైనంత రక్తం, దానితోపాటు ప్రాణవాయువు అందక, అవి ఒకదాని తర్వాత ఒకటిగా పని మానివేసే స్థితినే వైద్యులు షాక్ అంటారు.

ఈ విషప్రభావాన్ని ఒక్క సూదితో విరిచివేసే మందు లేదు. అయినా ఇందులో ఆశకు బలమైన కారణం ఉంది. గుండెపోటులో గుండె కండరం కొంత చచ్చిపోతుంది. ఇక్కడ కండరం చచ్చిపోదు, మందు ప్రభావం ఉన్నంతసేపు మాత్రమే బలహీనపడి ఉంటుంది. శరీరం ఆ మందును తొలగించుకునేవరకు రక్తప్రసరణను ఏదో ఒక విధంగా నిలబెట్టగలిగితే చాలామంది గుండె తిరిగి మునుపటిలా పనిచేస్తుంది. కాబట్టి ఈ చికిత్స మొత్తం కాలాన్ని సంపాదించే ప్రయత్నమే. అందులో మొదటి గంటలు కుటుంబం చేతిలోనూ, ఆ తర్వాతివి ఆసుపత్రి చేతిలోనూ ఉంటాయి. ఆ రెండు బాధ్యతలనూ కుటుంబసభ్యులకు అర్థమయ్యేలా వివరించడమే ఈ అధ్యాయం ఉద్దేశం. ఇందులో పేర్కొన్న మందుల మోతాదులు ఆసుపత్రిలో జరిగేది అర్థం చేసుకోవడానికే తప్ప ఇంట్లో ప్రయోగించడానికి కావు.

ఒంట్లో జరిగేది ఏమిటి

బీపీ మందులన్నీ ఒకే దారిలో పనిచేయవు గనుక మోతాదు మించినప్పుడు కనిపించే లక్షణాలు కూడా మందును బట్టి మారుతాయి. ఎమ్లోడిపిన్, నిఫెడిపిన్, డిల్టియాజెమ్, వెరాపమిల్ అనేవి కాల్షియం ఛానల్ బ్లాకర్లు అనే వర్గానికి చెందినవి. రక్తనాళాల గోడల్లోని కండరమైనా, గుండె కండరమైనా ముడుచుకోవాలంటే కణాల్లోకి కాల్షియం ప్రవేశించాలి. అది ప్రవేశించే ద్వారాలను ఈ మందులు మూసివేస్తాయి. ఎమ్లోడిపిన్ ముఖ్యంగా రక్తనాళాలను వదులు చేస్తుంది కాబట్టి రక్తపోటు పడిపోతుంది, ఆ లోటును భర్తీ చేయడానికి గుండె తరచుగా వేగం పెంచుకుంటుంది. డిల్టియాజెమ్, వెరాపమిల్ గుండె మీద కూడా నేరుగా పనిచేస్తాయి కాబట్టి నాడి నెమ్మదిస్తుంది. పై గదుల నుంచి కింది గదులకు వెళ్లవలసిన విద్యుత్ సంకేతం మధ్యలో ఆగిపోయే హార్ట్ బ్లాక్ కూడా ఏర్పడవచ్చు.

అటెనోలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ బీటా బ్లాకర్లు. అడ్రినలిన్ అనే హార్మోను గుండెకు ఇచ్చే ఉత్తేజాన్ని ఇవి అడ్డుకుంటాయి కాబట్టి మోతాదు మించినప్పుడు గుండె వేగమూ, సంకోచ బలమూ రెండూ తగ్గుతాయి. ప్రొప్రనలాల్ వల్ల వీటికి తోడు మూర్ఛలు కూడా రావచ్చు. మెదడులోని రక్తపోటు నియంత్రణ కేంద్రాల మీద పనిచేసే క్లోనిడిన్ మగతను, నెమ్మదైన నాడిని, బాగా చిన్నవైన కంటిపాపలను కలిగిస్తుంది. టెల్మిసార్టాన్ వంటి మందులు ఎమ్లోడిపిన్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా వస్తున్నాయి గనుక, ఆ మాత్ర ఎక్కువైనప్పుడు రెండు మందుల ప్రభావమూ ఒకేసారి రక్తనాళాల మీద పడి చికిత్స మరింత కష్టమవుతుంది.

రక్తంలో చక్కెర స్థాయి వైద్యులకు ఒక ముఖ్యమైన ఆధారం. క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ విడుదల కావడానికి కూడా కాల్షియం ద్వారాలు తెరుచుకోవాలి కాబట్టి, కాల్షియం ఛానల్ బ్లాకర్లు ఎక్కువైనవారిలో మధుమేహం లేకపోయినా చక్కెర పెరుగుతుంది. బీటా బ్లాకర్ల విషయంలో అలా పెరగకపోవడమే కాక, ముఖ్యంగా పిల్లల్లో, ప్రమాదకరంగా పడిపోవచ్చు.

నమ్మకూడని నిశ్శబ్దం

ఈ ప్రమాదంలో కుటుంబాలు ఎక్కువగా మోసపోయేది మొదటి గంటల్లోనే. మాత్రలు మింగిన వ్యక్తి లేచి నడుస్తూ, మాట్లాడుతూ, భోజనం చేస్తూ ఉండటం చూసి ఏమీ కాలేదని ఇంటివారు ఊరట చెందుతారు. మామూలు మాత్రల ప్రభావం ఆరు గంటల్లోపే బయటపడవచ్చు గాని, ఎమ్లోడిపిన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికే ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. చేరిన తర్వాత దానిలో సగం శరీరం నుంచి తొలగిపోవడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. పేరు చివర ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్ అనే అక్షరాలున్న మాత్రలు మందును నెమ్మదిగా వదిలేలా తయారైనవి కాబట్టి వాటి తీవ్రత పన్నెండు గంటలు దాటాక కూడా బయటపడవచ్చు.

పైగా, కాల్షియం ఛానల్ బ్లాకర్లు ఎక్కువైనవారిలో రక్తపోటు గణనీయంగా పడిపోయిన తర్వాత కూడా స్పృహ చాలాసేపు నిలిచి ఉండవచ్చు. అందుచేత వ్యక్తి మాట్లాడుతున్నాడన్నది క్షేమానికి గుర్తు కాదు. కళ్లు తిరగడం, ఒళ్లు చల్లబడి చెమటలు పట్టడం, వాంతులు, నాడి మరీ నెమ్మదించడం లేదా మరీ వేగం కావడం, మగత, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం అనేవి ప్రమాదం మొదలైందని తెలిపే లక్షణాలు. అవి కనిపించేదాకా ఇంట్లో ఆగడం అంటే చికిత్సకు అత్యంత అనుకూలమైన సమయాన్ని చేజార్చుకోవడమే. లక్షణాలు లేకపోయినా ఇటువంటివారిని ఆసుపత్రిలో గంటల తరబడి, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలైతే కనీసం 24 గంటలపాటు, పరిశీలనలో ఉంచడానికి కారణం ఇదే.

ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

విషయం తెలిసిన క్షణంలోనే 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ అంబులెన్సు సేవలో ప్రాణవాయువు, సెలైన్, శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు కాబట్టి సొంత బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లడం కంటే అది క్షేమం. అంబులెన్సు వచ్చేలోగా చేయవలసినవి ఇవి.

1. వ్యక్తిని నడిపించకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి. కళ్లు తిరుగుతున్నా మెలకువగా ఉంటే కాళ్ల కింద దిండ్లు పెట్టి కొంచెం ఎత్తాలి. మగతగా ఉంటే, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

2. మాత్రల అట్టలు, ఖాళీ సీసాలు, మందుల చీటీ, ఇంట్లో మిగతావారు వాడే మందులు అన్నీ ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్లాలి. ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములది, సుమారుగా ఎన్ని, ఏ సమయంలో అన్న నాలుగు వివరాలు కాగితం మీద రాసుకుంటే వైద్యుడికి విలువైన సమయం మిగులుతుంది.

3. శ్వాస ఆగి, పిలిచినా పలకని స్థితి ఏర్పడితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కే సీపీఆర్ మొదలుపెట్టి, సహాయం అందేవరకు ఆపకూడదు.

4. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రోజంతా సలహా ఇస్తుంది. కుటుంబమూ, చిన్న ఆసుపత్రిలోని వైద్యుడూ ఇద్దరూ ఈ సేవను వాడుకోవచ్చు. అయితే ఈ ఫోన్ కోసం ప్రయాణం ఆలస్యం కాకూడదు.

చేయకూడని పనుల్లో మొదటిది వాంతి చేయించడం. గొంతులో వేలు పెట్టడం, ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించడం మన ఊళ్లలో ఇంకా కనిపించే అలవాటు. ఉప్పునీళ్లు రక్తంలో సోడియంను ప్రాణాపాయకరంగా పెంచగలవు. మగతలో ఉన్నవారికి ఏది తాగించినా అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బీపీ తగ్గింది కదా అని ఉప్పు కలిపిన మజ్జిగనో, కాఫీనో పట్టించడంవల్ల ఈ స్థితిలో ప్రయోజనం ఉండదు. పసిపిల్లవాడి నోట్లో ఒక్క మాత్ర పడిందని తెలిసినా, ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఆసుపత్రిలో చికిత్స సాగే క్రమం

రోగి చేరగానే ఈసీజీ తీసి, నరాల్లో రెండు చోట్ల సూదులు అమర్చి, రక్తంలో చక్కెర, పొటాషియం, కాల్షియం, లాక్టేట్ పరీక్షిస్తారు. కణాలకు ప్రాణవాయువు చాలనప్పుడు రక్తంలో పెరిగే ఆమ్లపదార్థమే లాక్టేట్. అది తగ్గుతుంటే అవయవాలకు రక్తం చేరుతోందని అర్థం. మాత్రలు మింగి ఎంతోసేపు కాకపోతే, ముఖ్యంగా మొదటి గంటలో, మందును తనలోకి పీల్చుకునే యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే ప్రత్యేకమైన బొగ్గుపొడిని, పెద్దవారికి సుమారు 50 గ్రాములు నీటిలో కలిపి తాగిస్తారు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలైతే కాలం కొంత దాటినా దీనివల్ల మేలుంటుంది. అటువంటి సందర్భంలో రక్తపోటు నిలకడగా ఉంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణంతో పేగులను కడిగే పద్ధతిని కూడా ఆలోచిస్తారు.

రక్తపోటు పడిపోతే ముందుగా సెలైన్ ఎక్కిస్తారు. ఇక్కడ కుటుంబసభ్యులు ఒక సంగతి గ్రహించాలి. నీరు తగ్గడంవల్ల కాక, నాళాలు వదులై, గుండె బలహీనపడటంవల్ల వచ్చిన షాక్ ఇది గనుక సీసా మీద సీసా ఎక్కించడం పరిష్కారం కాదు. అతిగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే వైద్యులు పడక పక్కనే ఎకో పరీక్ష చేసి, గుండె కదలికను చూస్తూ, సెలైన్‌ను కొలత ప్రకారం ఇస్తారు. నాడి నెమ్మదిస్తే అట్రోపిన్ ఇస్తారు గాని, తీవ్రమైన విషప్రభావంలో అది తరచుగా చాలదు. కాల్షియం ఛానల్ బ్లాకర్ల కేసుల్లో, మూసుకుపోయిన ద్వారాల గుండా కొంతైనా కాల్షియం లోపలికి పోయేలా పది శాతం కాల్షియం గ్లూకోనేట్‌ను 30 నుంచి 60 మిల్లీలీటర్ల వరకు నెమ్మదిగా ఎక్కిస్తారు. దీని ప్రభావం కొద్దిసేపే ఉంటుంది కాబట్టి మళ్లీ ఇవ్వవలసి రావచ్చు.

వీటితోపాటు నాళాలను బిగించే నార్‌అడ్రినలిన్‌ను, గుండె బలం కూడా తగ్గి ఉంటే అడ్రినలిన్‌ను, పంపు ద్వారా చుక్కల లెక్కన ఇస్తూ సగటు రక్తపోటు 65 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూస్తారు. మామూలుగా వాడే మోతాదు కంటే ఎంతో ఎక్కువ అవసరమైనా ఇటువంటి కేసుల్లో వెనుకాడరు. బీటా బ్లాకర్లు ఎక్కువైనప్పుడు గ్లూకగాన్ అనే హార్మోను, అడ్డుపడిన దారిని వదిలి వేరొక దారిలో గుండె కణాలను ఉత్తేజపరుస్తుంది. కాని అది ఖరీదైనది, అన్ని చోట్లా నిల్వ ఉండదు, వాంతులు కూడా కలిగిస్తుంది.

అధిక మోతాదు ఇన్సులిన్: భయపడవలసిన పని లేదు

ఈ చికిత్సలో కుటుంబాన్ని ఎక్కువగా కలవరపెట్టేది ఇన్సులిన్. షుగరు జబ్బు లేనివారికి ఇన్సులిన్ ఎందుకన్న ప్రశ్న సహజమే. సాధారణ స్థితిలో గుండె కొవ్వు ఆమ్లాలనే ముఖ్యమైన ఇంధనంగా వాడుకుంటుంది. షాక్‌లో ఉన్నప్పుడు గ్లూకోజు మీద ఆధారపడుతుంది. కాల్షియం ఛానల్ బ్లాకర్లు ఇన్సులిన్ విడుదలను అడ్డుకున్నందువల్ల రక్తంలో గ్లూకోజు నిండుగా ఉన్నా గుండె కణాలు దాన్ని లోపలికి తీసుకోలేవు. బయటి నుంచి అధిక మోతాదులో ఇచ్చిన ఇన్సులిన్ ఆ గ్లూకోజును కణాల్లోకి చేర్చి గుండె సంకోచ బలాన్ని పెంచుతుంది.

1993లో జెఫ్రీ క్లైన్ బృందం వెరాపమిల్ ఇచ్చిన కుక్కల మీద జరిపిన ప్రయోగాల్లో, అప్పటివరకు వాడుతున్న మందుల కంటే ఇన్సులిన్ మెరుగైన ఫలితం ఇచ్చింది. 1999లో మనుషుల్లో ఐదు కేసుల అనుభవం ప్రచురితమైంది. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన మార్గదర్శకాల్లో బీటా బ్లాకర్ల, కాల్షియం ఛానల్ బ్లాకర్ల విషప్రభావంవల్ల వచ్చే ప్రాణాంతక షాక్‌కు ఈ పద్ధతిని బలంగా సిఫారసు చేసింది. కిలో బరువుకు ఒక యూనిట్ చొప్పున మొదట ఇచ్చి, తర్వాత గంటకు అదే లెక్కన మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి కిలోకు గంటకు పది యూనిట్ల వరకు పెంచుతారు. 60 కిలోల మనిషికి మొదటి గంటలోనే వంద యూనిట్లు దాటుతాయన్నమాట. చక్కెర పడిపోకుండా గాఢమైన గ్లూకోజును వెంట ఎక్కిస్తూ, మొదట్లో 15 నుంచి 30 నిమిషాలకొకసారి చక్కెరను, తరచుగా పొటాషియంను పరీక్షిస్తారు. దీని ఫలితం కనిపించడానికి 15 నిమిషాల నుంచి గంట వరకు పట్టవచ్చు గనుక పరిస్థితి పూర్తిగా విషమించకముందే ఆరంభించడం మేలు. నాళాలు మాత్రమే వదులై గుండె బలంగానే ఉన్నప్పుడు ఇన్సులిన్ పాత్ర పరిమితం కావచ్చు. ఆ తేడాను నిర్ణయించేది ఎకో పరీక్షే.

మందులకు లొంగనప్పుడు

ఇవన్నీ చాలనప్పుడు వాసోప్రెసిన్, మిథిలీన్ బ్లూ, 20 శాతం కొవ్వు ద్రావణం, తాత్కాలిక పేస్‌మేకర్ వంటి మార్గాలను నిపుణులు పరిశీలిస్తారు. డయాలిసిస్ చేస్తే మందు మొత్తం పోతుందన్న నమ్మకం సరి కాదు. ఎమ్లోడిపిన్ వంటివి రక్తంలోని ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి డయాలిసిస్‌తో తొలగవు, అటెనోలాల్ వంటి కొన్ని మాత్రమే తొలగుతాయి. చివరి ఆధారం ఎక్మో. రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి తిరిగి శరీరంలోకి పంపే ఈ యంత్రం, మందు దిగిపోయేవరకు గుండె పనిని తాను చేస్తుంది. ఈ సౌకర్యం కొన్ని పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది గనుక, చిన్న ఆసుపత్రిలో ఉన్నవారు రోగి ప్రయాణానికి తట్టుకోగల స్థితిలో ఉండగానే, ఐసీయూ ఉన్న చోటికి ఎప్పుడు మార్చాలో వైద్యుణ్ణి ముందే అడగాలి.

మోతాదు మించకుండానే వచ్చే షాక్

మాత్ర ఒక్కటే వేసుకున్నా అది ఒంట్లో పేరుకుపోయే పరిస్థితులున్నాయి. ఎండాకాలంలో వడదెబ్బతోనో, వాంతులు విరేచనాలతోనో నీరు తగ్గిన వృద్ధుడి మూత్రపిండాలు మందగిస్తే, మూత్రం ద్వారా పోవలసిన అటెనోలాల్ లోపలే నిలిచిపోతుంది, పొటాషియం పెరుగుతుంది, ఆ రెండూ కలిసి నాడిని నెమ్మదింపజేస్తాయి, నాడి నెమ్మదించేకొద్దీ మూత్రపిండాలకు రక్తం మరింత తగ్గుతుంది. ఒకదాన్నొకటి పెంచుకునే ఈ వలయం షాక్‌గా పరిణమిస్తుంది. అలాగే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ శరీరంలో ఎమ్లోడిపిన్ విచ్ఛిన్నమయ్యే వేగాన్ని తగ్గించి దాని బలాన్ని పెంచుతుంది. అందుచేత విరేచనాలు పట్టుకున్న రోజున బీపీ మాత్ర వేసుకోవాలా వద్దా అని వైద్యుణ్ణి అడగడం, కొత్త మందు రాసినప్పుడు పాత చీటీ చూపించడం ప్రతి ఇంట్లో అలవాటు కావాలి. మరచిపోయి ఒకే పూట మాత్ర రెండుసార్లు వేసుకున్నవారు తర్వాతి మోతాదును వైద్యుడి సలహా లేకుండా వేసుకోకూడదు. వృద్ధులు, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి.

కేసు భయం, మనసు గాయం

ఆత్మహత్యా ప్రయత్నమని తెలిస్తే పోలీసు కేసవుతుందని, పరువు పోతుందని కొన్ని కుటుంబాలు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తాయి, లేదా అసలు విషయం దాస్తాయి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని, ప్రభుత్వం సంరక్షణ కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. అత్యవసర స్థితిలో ఉన్నవారికి పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు చికిత్స చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. కాబట్టి వైద్యుడి దగ్గర నిజం చెప్పడంవల్ల కలిగేది మేలే.

ప్రాణం నిలిచిన తర్వాత ఆ వ్యక్తిని నిలదీయడం, నలుగురిలో నిందించడం గాయాన్ని మరింత లోతు చేస్తాయి. డిశ్చార్జికి ముందే మానసిక వైద్యుడు చూసేలా అడగాలి. ఇంటికి వచ్చాక కొన్ని వారాలపాటు తోడుగా ఉండాలి. మాత్రలను వేరొకరి అధీనంలో ఉంచి ఏ పూటకు ఆ పూట ఇవ్వాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేస్తే రోజులో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడి సాంత్వన పొందవచ్చు. మనసులో చావు ఆలోచనలు తిరుగుతున్నవారికీ, వారిని చూసుకుంటూ అలసిపోయినవారికీ ఆ సహాయం అందుబాటులో ఉంది.

మళ్లీ జరగకుండా

పూట, వారం వారీగా గదులున్న మాత్రల పెట్టె వాడితే వేసుకున్నామో లేదో అన్న అనుమానం తీరుతుంది. మందుల దుకాణంలో కొన్న స్టామ్‌లో, ఆమ్లాంగ్ వంటి పేర్లున్న మాత్రా, ప్రభుత్వ ఆసుపత్రిలో ఎమ్లోడిపిన్ అనే పేరుతో ఇచ్చిన మాత్రా ఒకే మందు కాబట్టి, కొత్త అట్ట వచ్చినప్పుడల్లా మందు పేరును ఫార్మసిస్టు చేత చదివించి సరిచూసుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రలను తాళం వేసే చోట, అట్టలోంచి విడదీయకుండా ఉంచాలి.

ఒకసారి షాక్ నుంచి బయటపడిన కుటుంబం భయంతో బీపీ మాత్రలను పూర్తిగా మానిపించడం ఇంకొక ప్రమాదానికి దారితీస్తుంది. చికిత్స లేని అధిక రక్తపోటు కొన్నేళ్లలో పక్షవాతంగానో, గుండె వైఫల్యంగానో బయటపడుతుంది. ఏ మందును, ఏ మోతాదులో, ఎప్పటినుంచి తిరిగి మొదలుపెట్టాలో వైద్యుడు నిర్ణయించాలి, ఆ మందును ఎవరి చేతిలో ఉంచాలో కుటుంబం నిర్ణయించుకోవాలి. ఈ రెండు నిర్ణయాలూ ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరేముందే జరిగితే చికిత్స పూర్తయినట్లు భావించవచ్చు.